వెనక్కి తిరిగిన సీటు

“అక్కా, ఆ ముసలాయన మా పాపనే చూస్తన్నాడు!”

చిలకలూరిపేట పోయే బస్సులో పక్క సీటావిడ చెవిలో ఊదింది నాగజ్యోతి.

డ్రైవరు వెనక, ప్రయాణికుల వైపు తిరిగి ఉండే సీటు అది. అందులో ఎండిన పత్తికంపలా ముసలాయన. బస్సులో బోలెడు సీట్లు ఖాళీగా ఉన్నా కదలడు. రెప్ప వెయ్యడు.

“పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారంట. కనిపెట్టుకో అమ్మాయ్,” అంది ఆవిడ.

నాగజ్యోతి, కిటికీ ఊచలతో ఆడుకుంటున్న రెండేళ్ళ పాపని నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుంది. కళ్ళు మాత్రం ముసలాయన మీదే.

ఉన్నట్టుండి ఆయన లేచాడు.

“వెనక కుడి! వెనక కుడి!”

పిచ్చికేక పెడుతూ మీదికి ఉరికి, పాప చెయ్యి పట్టి గుంజాడు.

“అమ్మో! నా బిడ్డ!”

పాప గుక్కపట్టింది. కిటికీ అవతల లారీ మోత, గుప్పున దుమ్ము. ఎవరికి పట్టింది!

“ఏరా, పట్టపగలే పిల్లనెత్తుకుపోదామనా?”

ఒకడు చెంప పగలగొట్టాడు. ఇంకొకడు బస్సాపించి, చొక్కా పట్టి కిందికి తోశాడు.

ఆయన రోడ్డు పక్కన పడి, పాప ఏడుస్తున్న కిటికీ వంక చూస్తూ ఉండిపోయాడు.

బస్సు కదిలాక, నాగజ్యోతి పాప జుట్టులోంచి పత్తి పింజ ఏరి పారేసింది.

ఆ తర్వాత పాపని ఒళ్ళోంచి దించితే ఒట్టు. పెళ్ళితో పదిలో ఆగిన చదువు మళ్ళీ మొదలెట్టి, ఆదివారాలు ఇంటర్ క్లాసుకి వస్తోంది. అక్కడికీ పాపతోనే.

కార్గిల్ యుద్ధం జరిగిన ఏడు. కోటిరత్నం మేడం అందరిచేతా యుద్ధం మీద వ్యాసాలు రాయించింది.

“ఒకళ్ళది ఒకళ్ళు చదివి బాగోగులు చెప్పుకోండి. మొహమాటాలొద్దు!”

నాగజ్యోతికి త్రినాథ్ వ్యాసం వచ్చింది. బాంబులేసే విమానాల్లో పనిచేసినవాళ్ళ గురించి.

“నాకేం తెలుసు మేడం? తప్పు చెబితే నవ్వుతారు.”

“చదివితే నీకేమనిపించిందో అదే చెప్పమ్మా.”

బెదురుబెదురుగానే చదివింది.

‘రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా దగ్గర, ఆ విమానానికి ఇద్దరే మనుషులు. ముందు పైలట్. వెనక్కి తిరిగి తుపాకీతో కూర్చునేవాడు గన్నర్. పైలట్‌కి వీపున కళ్ళు వాడే. శత్రువు ఎటునుంచి వస్తే అటు కేకెయ్యాలి. వెనక ఎడమ! వెనక కుడి!’

నాగజ్యోతి ఆ చివరి మాటలు మళ్ళీ చదివింది.

“ఎలా ఉందక్కా?” పక్క బెంచీలోంచి వంగాడు త్రినాథ్.

నాగజ్యోతి కాగితం వెనక్కి తిప్పి చూసింది.

“బాగుంది తమ్ముడూ. కాకపోతే... ముగింపు లేదు. ఆ గన్నర్ తర్వాత ఏమయ్యాడు?”

త్రినాథ్ తలొంచుకున్నాడు.

“మా తాతయ్యేనక్కా. బస్సెక్కితే వెనక్కి తిరిగిన సీటే కావాలి ఆయనకి. పిల్లల దొంగ అని కొట్టి దించేశారు. మంచాన పడ్డాడు, మళ్ళీ లేవలా. చివర అదే రాస్తానంటే వద్దన్నాడు.”

“ఎందు... కని?”

అడగకుండా ఉంటే బాగుండేదనిపించింది.

పాప చెయ్యి చాపి త్రినాథ్ పెన్ను లాక్కుంది. అతను నవ్వి ఇచ్చేశాడు.

“‘పత్తి లారీ రాసుకుంటూ వస్తుంటే ఆ బిడ్డ చెయ్యి కిటికీ బయట ఉందిరా. లోపలికి గుంజాను, చెయ్యి దక్కింది. ఆ సంగతి రాశావంటే, ఎప్పుడన్నా చదివి ఆ తల్లి జడుసుకుంటుంది,’ అన్నాడక్కా.”