సింహద్వారం

"నూట ఇరవై ఏళ్ల షాటో, అంటే రాజుల కోటలాంటి బంగళా. కొత్తగా బాగుచేసి అమ్ముతున్నారు," అన్నారు మా రియల్టర్ రత్నం గారు.

అమెరికాలో మేముండే క్యారీకి గంట దూరంలో, పొలాల మధ్య ఉన్న ఆ ఇంటి ముందు మావారు సెల్ఫీలు దిగుతున్నారు. "ఆఫీసులో అందరూ కుళ్లుకుంటారు హైమా! తీసేసుకుందాం."

"పదకొండు గదులు. ఎవరు ఊడుస్తారండీ?"

"నువ్వు ఇంట్లోనేగా ఉండేది!"

ఫోనులో దిక్సూచి తెరిచి చూపించాను. "సింహద్వారం దక్షిణం. నాకు నచ్చిన ఇళ్లన్నీ మీరు ఇందుకే వద్దన్నారు."

"హిస్టారిక్ ప్రాపర్టీకి వాస్తేమిటే?"

ఏడాదిగా వాస్తు కుదరనిది ఆ ఇళ్లకు కాదని, నా ఇష్టానికని అప్పుడర్థమైంది.

"రత్నం గారూ, దక్షిణం వాకిలని ఈయన వద్దన్న, స్కూలు పక్కన మూడు గదుల ఇల్లు ఇంకా ఉందా? ఈయనకి ఇప్పుడు దక్షిణం పనికొస్తుందట. కారు అటే పోనివ్వండి."