మామా అడిగిన సముద్రం

గోదావరికి పెద్ద వరదొచ్చి లంకలన్నీ మునిగిన నాలుగో ఏడు అది. ఆగస్టు నెల.

"వచ్చేశామా, బంగారీ?" అంది ముసలి మామా, కళ్లు విప్పకుండానే. విప్పినా ఆమెకు కనపడేదేమీ లేదు. షుగరు ఆ చూపును ఎప్పుడో తినేసింది.

బంగారయ్య మంచినీళ్ల గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాడు. గుండె డాక్టరు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. చెడ్డ కబురు ఒక్కటి చెవిన పడితే చాలు, ఈవిడ మనకు దక్కదు.

"వచ్చేశాం మామా," అన్నాడు.

కువైట్‌లో, సముద్రపు ఒడ్డునున్న సల్వాలో, ఈవిడ ఇంట్లో బంగారయ్య చాలా ఏళ్లుగా వంటమనిషి. ఇంటి పెద్దావిడను పనివాళ్లు మామా అంటారు. ఏటా ఎండలు ముదిరాక ఇంటిల్లిపాదీ ఇంగ్లండు పోతారు. అక్కడ చెట్టన్నది లేని గడ్డి కొండలు, వాటి నిండా ఊదాపూలు, కొండ దిగితే చల్లటి సముద్రం. మామాకు విమానమంటే హడలు. అందుకని ఇంటి దగ్గరే నిద్రమాత్ర మింగేస్తుంది. మెలకువ వచ్చేసరికి ఒంటికి చలి తగిలితే ఊరు వచ్చినట్టు లెక్క. ఈసారి కొడుకు బదర్ పెళ్లాం పిల్లలతో ముందే వెళ్లిపోయాడు. మామా ప్రయాణం బంగారయ్య చేతుల్లో పెట్టాడు. సరిగ్గా వీళ్లు ఇంట్లోంచి బయల్దేరిన తెల్లవారుజామునే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. సగం దారిలోంచే వెనక్కి తిరిగొచ్చి, నిద్రలో ఉన్న మామాను అదే ఇంట్లో, ఆమె ఎరగని చల్లటి గదిలో పడుకోబెట్టాడు బంగారయ్య.

ఆ సంగతి మామాకు తెలియదు. తెలియనివ్వకూడదు.

"గది మారిందే. గోడ పొడుగునా దిండ్లున్నాయి, మగాళ్లు కూర్చునే గదిలా," అంది ఆమె తడిమి చూస్తూ.

"ఇది వేరే ఇల్లు మామా. బదర్ బాబు కొత్తగా అద్దెకు తీసుకున్నారు."

"మనింట్లో మగాళ్ల గది గడప నేనెప్పుడూ తొక్కలేదు. ముసలితనంలో ఆ ముచ్చటా తీరింది." పళ్లు లేని నోటితో నవ్వింది. "గాలి హోరు ఆగట్లేదు, వింటున్నావా?"

బంగారయ్య తలెత్తి గోడ మీది ఏసీ వంక చూశాడు.

దూరంగా తుపాకులు పేలాయి.

"వేటగాళ్లు కొండెక్కారన్నమాట," అంది మామా తాపీగా. "ఆగస్టు వచ్చిందంటే ఆ పిట్టలకు నూకలు చెల్లినట్టే."

"అవును మామా."

మధ్యాహ్నం బాంగు వినిపించింది. ఆమె చెవి ఒగ్గింది. "అచ్చం మన మసీదు ముల్లా గొంతే."

"క్యాసెట్టు మామా. మీకోసమే."

"మంచి పని చేశావు నాయనా."

ఆ మెచ్చుకోలు పంటికింద రాయిలా తగిలింది బంగారయ్యకు. అవతల ఖైతాన్ పేటలో తనలాంటి తెలుగు పనివాళ్లు రొట్టె కోసం మండుటెండలో వరస కట్టి నిలబడుతున్నారు. తానేమో చల్లటి గదిలో కూర్చుని, కళ్లులేని మనిషికి లేనిపోనివి చెప్పి దీవెనలు పుచ్చుకుంటున్నాడు. బదర్ ఏడని ఆమె అడిగినప్పుడల్లా లండన్‌లో పని తెమల్లేదంటాడు. ఫోను చెయ్యమంటే, కొండల్లో లైను కలవదంటాడు. రోజుకో అబద్ధం. చిన్నప్పుడు మూడో తరగతిలో ఒక్క అబద్ధానికి పంతులు గోడకుర్చీ వేయించాడు. ఇప్పుడు వేయించేవాడు లేడు. అదే ఎక్కువ బరువుగా ఉంది.

సెప్టెంబరు వచ్చింది. పక్కింటి కువైటీల డ్రైవరు ఖాజావలి పెరటి తలుపు తట్టాడు. కడప మనిషి.

"అన్నా, రేప్పొద్దున మావోల్లంతా ఊరికి పోతాండారు. బండిలో నీకూ చోటు పెట్టించినా. పాసుపోర్టు నీ కాడనే ఉండాది గదా?"

"ఉంది. ప్రయాణం కోసవని బాబే నా చేతికిచ్చేరు."

"ఇంకేం, యజమానులు పాసుపోర్టు చేతికిచ్చే అదృష్టం అందరికీ దొరుకుతాదా? కువైట్ ఖలాస్ అన్నా. ఆయమ్మకు నిజం చెప్పేసి రా."

"చెబితే ఆవిడ పోద్దిరా."

"చెప్పకుండా ఈడనే కూచుంటే నువ్వు పోతావు. ఊర్లో నీ పెండ్లాం పిల్లోల్లు ఏం గావాల? ఎన్నాళ్లని కతలు చెప్తావు?"

బంగారయ్య నేల చూశాడు. "నోరు జారి 'వచ్చేశాం' అన్నాను. అనేశాక ఏం చేత్తాం? ఆవిడింకా ఆ మాట మీదే బతుకుతోంది."

"తెల్లారినంక హారన్ కొడతా. వస్తే రా," అని ఖాజావలి వెళ్లిపోయాడు.

సాయంత్రం టీ తాగుతూ మామా అంది: "బంగారీ, రేపు నన్ను సముద్రం దగ్గరికి తీసుకుపో."

ఒడ్డున ఎవరో ఒకరు యుద్ధం గురించి ఒక్క మాటంటే చాలు, అంతా బయటపడిపోతుంది.

"మీ కాళ్లకు నీరు పట్టింది కదా మామా. డాక్టరు కదలొద్దన్నాడు."

"ఏటా ఒక్కసారి ఆ నీళ్లలో కాళ్లు పెడతాను. ఒళ్లు ఝల్లుమంటుంది. పెళ్లయిన కొత్తలో బదర్ వాళ్ల నాన్న నన్ను అందులోకి లాగి నవ్వాడు. ఆ చలి తగిలితే ఆయన పక్కనున్నట్టే ఉంటుంది. వచ్చే ఏటికి నేనుంటానో ఉండనో."

"అలా అనకండి."

"నువ్వెప్పుడూ నాకు అబద్ధం చెప్పలేదు. తీసుకెళ్తానని చెప్పు."

బంగారయ్య ఆమె చేతిలోని టీ కప్పు అందుకున్నాడు. "మీరు కదలక్కర్లేదు మామా. సముద్రాన్నే తెస్తాను."

మరుసటి పొద్దున పెరటి వైపు హారన్ మోగింది. మోగి మోగి ఆగింది. బండి వెళ్లిపోయింది. ఆ వేళకు బంగారయ్య ప్లాస్టిక్ బకెట్టుతో సముద్రపు ఒడ్డున ఉన్నాడు. తుపాకీ భుజానున్న మనిషొకడు అడ్డం వచ్చి, ఖాళీ బకెట్టులోకి తొంగిచూసి, పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి తప్పుకున్నాడు. బంగారయ్య మోకాలిలోతు దిగి నీళ్లు ముంచుకున్నాడు. ఇంటికొచ్చి, మామా గది గుమ్మం ముందు ఆగి, బకెట్టులో చెయ్యి పెట్టి చూశాడు.

సల్వా సముద్రం ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. ఫ్రిజ్‌లోని ఐసంతా అందులో కుమ్మరించాడు.