ఊ కొట్టినంతసేపు

ఆళ్లగడ్డ డాక్టరు నాయనకు గుండెపోటని సూది వేసి, కుదుపు లేకుండా నంద్యాల ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆ రాత్రివేళ బస్సు లేక, ఎద్దులబండిలో గడ్డి మెత్తగా పరిచి పడుకోబెట్టాను.

"కతేదన్నా చెప్తా ఉండప్పా. ఊ కొట్టినంతసేపూ మనకాడే ఉంటాడు," అన్నాడు బండి తోలే మద్దిలేటి.

నా బి.ఎ. చదువు అక్కరకు రాలేదు. చిన్నప్పుడు నాయన నాకు చెప్పిన నక్క కథే చెప్పసాగాను. చీకట్లో నాయన "ఊ" అంటూనే ఉన్నాడు.

పోనుపోను ఆ గొంతు సన్నబడింది. భయమేసి ఆయన ఛాతీకి చెవి ఆనించాను. లోపల చప్పుడు లేదు.

"నాయనా!" అని అరిచాను.

"ఊ."

అది బండిలోంచి రాలేదు. మేం దాటివచ్చిన దోవలో, ఎక్కడో వెనకనుంచి వచ్చింది.

మద్దిలేటి పగ్గాలు బిగబట్టాడు. తల మాత్రం తిప్పలేదు.

"ఆడ్నే నిలబడిపోయినాడప్పా. బండి తిప్పాల్నా?"