చెవిలో నూనె

"కదలకండి అత్తయ్యా" అంటూ కోడలు గోరువెచ్చని ఆలివ్ నూనె రెండు చుక్కలు ముసలామె చెవిలో వేసింది. కర్ణభేరి బాగానే ఉంది, గులిమి మెత్తబడితే చాలని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ రోజూ వేస్తోంది.

ఎంత సేవో అని అందరూ మెచ్చుకుంటున్నారు. సేవా, పాడా! కాపురానికి వచ్చిన నాటి నుంచీ అత్తగారు నోటితో పెట్టిన వాతలకు బదులు చెప్పే ధైర్యం చిక్కేసరికి, ఆవిడ చెవులు మూసుకుపోయాయి. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభం? ముందు చెవులు తెరిపించి, తర్వాత దులిపేద్దామని కోడలు పట్టు పట్టింది.

తల పక్కకి వంచగానే నల్లటి ఉండ ఒకటి జారి దూది మీద పడింది.

"ఫ్యాను చప్పుడు వినిపిస్తోందే!" అంది ముసలామె సంబరంగా.

కోడలు గొంతు సవరించుకుంది. అంతలో ముందుగదిలోంచి భర్త అరిచాడు.

"ఇస్త్రీ చొక్కా ఏదీ? నీలాంటి దద్దమ్మని కని మా నెత్తిన రుద్దారు మీవాళ్ళు! తిండి దండగ!"

ముసలామె ఉలిక్కిపడింది. "వాడు రోజూ ఇట్లాగే అంటాడా?"

"రోజూ అంటారు."

"అవి... నా మాటలు కదే?"

"మీవే అత్తయ్యా. ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

ఇన్నేళ్ళుగా కోడలు దాచుకున్న మాటల్లో ఒక్కటీ అక్కర్లేకపోయింది. ముసలామె చేత్తో చెవి మూసుకోబోయింది. కోడలు ఆ చేతిని మెత్తగా పట్టుకుని కిందికి దించింది.

"ఆ రెండో చెవి కూడా ఇటు తిప్పండి" అంది, నూనె సీసా అందుకుంటూ. "ఇంకా బాగా వినపడుతుంది."