నలభై ఒకటో పేజీలో ఈల

కథలన్నీ యంత్రాలే అల్లే కాలం వచ్చాక, వాటిని చూసేవాళ్లకీ చదివేవాళ్లకీ గిరాకీ పెరిగింది. మనిషన్నవాడు ఒక్కడైనా చూస్తే తప్ప ఆ యంత్రాలు తర్వాతి కథ మొదలుపెట్టవు. అందుకే విజయనగరంలో ప్రేక్షకులను సరఫరా చేసే ఆఫీసు ఒకటి వెలిసింది. అందులో టీవీ విభాగం వాళ్లు చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఓ కంట చూస్తారు. పుస్తకాల వాళ్లు వేలు తడి చేసుకుంటూ నోరెత్తకుండా కూర్చుంటారు. పైడమ్మది సినిమా విభాగం. ఆవిడ ఈల వేస్తే హాలు అదిరిపోవాల్సిందే.

ఆ రోజు పుస్తకాల విభాగంలో ఒక పాఠకురాలికి జ్వరం రావడంతో, మేనేజరు అప్పలస్వామి పైడమ్మని పుస్తకం ముందు కూర్చోబెట్టాడు. నలభై ఒకటో పేజీలో హీరో గుర్రం దిగాడు. పైడమ్మ ఆగలేకపోయింది. ఈల వేసి, అంతవరకూ చదివిన నలభై పేజీలూ చింపి గాల్లోకి ఎగరేసింది.

అప్పలస్వామి తల పట్టుకున్నాడు. "పుస్తకం ఇలాగేనా చదవడం? నీ ఉద్యోగం పోయినట్టే."

"ఈరో వొచ్చినప్పుడు ఊరుకుంటే ఆడేటనుకుంటాడు బాబూ? సింపినవి సదివీసిన కాయితాలే గదా," అంది పైడమ్మ.

ఇంతలో, చదివేవాళ్లని ఓ కంట కనిపెడుతూ ఉండే ఆ నవల రాసిన యంత్రం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పలస్వామి విప్పి చదివాడు.

"ఆరువేల నవలలు రాశాను. నన్ను ఒకరు నిజంగా చదివారని ఇవాళే తెలిసింది. ఇకమీదట ఆవిడనే పంపండి. చింపడానికి వీలుగా పల్చటి కాగితం మీద అచ్చేయిస్తాను."