వైర్‌లెస్ తీగ

"ఏమోయ్! ఇంకో రెండు వెంట్రుకలు పట్రా, త్వరగా!"

కెప్టెన్ కేకకి వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. వీధంతా ఆయన్ని కెప్టెన్ అంటుంది గానీ, పాపం, పార్కు చెరువులో పడవెక్కినా కడుపులో తిప్పే మనిషి. రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. ఏడాదిగా భోజనాల బల్లని ఆక్రమించి, వెనకటి కాలం నాటి సరుకుల ఓడ బొమ్మ ఒకటి కడుతున్నాడు. అచ్చం అసలుదానిలా ఉండాలని ఆయన పంతం. మొగుడూ పెళ్ళాం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

ఓడని బొమ్మల ప్రదర్శనకి తీసుకెళ్ళే వ్యాను వచ్చే వేళయింది. క్రేన్లు, సరుకు గదుల మూతలు, లంగరు కింద కారిన తుప్పు చార, అన్నీ కుదిరాయి. రెండు స్తంభాల మధ్య కట్టే వైర్‌లెస్ తీగ, అదే రేడియో ఏరియల్, ఒక్కటే మిగిలింది. అంత సన్నటి తీగకి దారం మొద్దుగా కనిపిస్తుంది. తలవెంట్రుకే కావాలి. ఓడ మీద సన్నతాళ్ళన్నీ ఆవిడ దువ్వెన చలవే.

"ఇక వెంట్రుకల్లేవండీ," అంది భార్య గుమ్మంలోకి వచ్చి.

"లేకపోవడమేంటి? వేసవిలో గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఇచ్చావుగా! నీ జుట్టు నాకు భలే కలిసొచ్చిందని కూడా అన్నాను."

"అన్నారు. మీతో ఒక మాట చెప్పాలండీ."

"ఓడ వెళ్ళాక చెబుదువుగాని."

"ముందు క్రేన్లయ్యాక అన్నారు. తర్వాత రంగులయ్యాక అన్నారు."

"ఇదే ఆఖరు. ఒట్టు!"

అక్కని బయటికి తీసుకెళ్ళడానికి వచ్చిన మరదలు కుర్చీలోంచి అందుకుంది. "బావగారూ, మీ ఓడలో మాకూ కాస్త చోటుందా?"

"సరుకుల ఓడమ్మా తల్లీ, మనుషుల్ని ఎక్కించరు. అయినా మీ అక్కకి నీతో షికార్లు బాగా ఎక్కువయ్యాయి సుమా!"

మరదలు నవ్వలేదు. కెప్టెన్ పట్టకారు పుచ్చుకుని లేచాడు. భార్య జడ చివర నుంచి రెండు వెంట్రుకలు లాగేశాడు. ఆవిడ కిక్కురుమనలేదు.

"చూశావా, నొప్పి కూడా లేదు. దీనికింత బెట్టా?"

భూతద్దం కింద పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇది వెంట్రుక కాదే, నైలాను! ఎవరి కళ్ళు కప్పుదామని? ఈ వయసులో సవరమేంటే? తీసెయ్, నాకు అసలుది కావాలి!"

ఆవిడ రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. జడతో సహా జుట్టంతా ఊడి చేతుల్లోకి వచ్చింది. తల, ఆయన గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసిన ఓడ అడుగులా ఉంది.

కెప్టెన్ పట్టకారు బల్ల మీద పెట్టేశాడు.

"క్యాన్సర్ మందులకి వేసవిలోనే రాలిపోయింది బావగారూ," అంది మరదలు, ఆసుపత్రి ఫైలున్న సంచీ భుజాన వేసుకుంటూ. "అప్పట్నుంచీ విగ్గే. మీరు గుర్తుపడతారని అక్క, పట్టరని నేను, పందెం వేసుకున్నాం." అక్క వైపు తిరిగింది. "పోనీలే అక్కా, ఆలస్యమైనా గుర్తుపట్టారు. నువ్వే గెలిచావు."

ఆవిడ విగ్గుని ఓడ పక్కన పెట్టి చెప్పులేసుకుంది.

"లేదే. ఆయన గుర్తుపట్టింది నైలాన్‌ని."