తాళం పడేదాకా

బ్యాంకు షట్టరుకు సీలు వేసి తనిఖీ అధికారి వెనక్కి తిరిగేసరికి వీధి నిండా జనం.

"సార్, మా డబ్బు?"

"ఉన్నంతలో అందరికీ సమానంగా పంచుతారు. టైం పడుతుంది."

"ఎంత టైం?"

అతను సీలును మరోసారి సరిచూశాడు.

బ్యాంకులకు ముకుతాడు వేస్తామని ప్రతి ప్రభుత్వమూ అంది. బ్యాంకు యజమానుల బావమరుదులే చట్టసభలో కూర్చుంటే చట్టం ఎలా వస్తుంది? కిందటిసారి ఓ పెద్ద బ్యాంకు మునిగినప్పుడు, ముందే కబురందిన పెద్దమనుషులు వెనక గుమ్మంలోంచి సొమ్ము పట్టుకుపోయారు. చిన్నవాళ్ళు వీధిన పడ్డారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు సభకు చట్టం గుర్తొచ్చింది. తాళం పడేదాకా మూసివేత సంగతి ఎవరికీ పొక్కకూడదన్న నిబంధన రాసింది ఈ అధికారే.

అప్పటినుంచి అతను ఏదైనా బ్యాంకు వైపు చూసి తుమ్మినా, మర్నాడు దాని ముందు జనం బారులు తీరేవాళ్ళు. దాంతో నలుగురిలోకి వెళ్ళడమే మానుకున్నాడు. క్యాంటీన్‌లో కూడా గోడవైపు తిరిగి తినేవాడు. ఒంటరితనం అలవాటైపోయిందనుకునేవాడు. కాలేదు.

ఈ ఉదయమే మంత్రి ఫోన్ చేశాడు.

"ఎన్నికలయ్యేదాకా ఆగవయ్యా."

"ఆగితే పెద్ద చేపలన్నీ జారిపోతాయండి. చిన్నవాళ్ళకు చిల్లిగవ్వ మిగలదు."

"పెళ్ళాం పిల్లలు లేనివాడివి. నీకేం పోతుందిలే!" మంత్రి ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు గుంపులోంచి ఓ పెద్దావిడ ముందుకొచ్చింది. చేతిలో మడిచిన గొడుగు.

"కుట్టుకొట్టు అమ్మిన డబ్బు. మొత్తం నిన్ననే వేశాను," అంది. అరవలేదు.

అతను తల దించుకున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నిన్న కూడానా?"

"నిన్న కూడా."

"మనిషివా, రాయివా?" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమె అటు తిరిగింది. "ఊరుకోండి బాబూ. ఆయన్నేమీ అనకండి."

గొడుగు ఊతంగా పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళాలనిపించింది అతనికి. వెళ్ళలేదు.

తనను పెంచి పెద్దచేసిన ఆ అక్కను నిన్న పొద్దున డబ్బు సంచితో సహా స్కూటరెక్కించుకొచ్చి, ఆ బ్యాంకు మెట్ల దగ్గర దింపి వెళ్ళింది అతనే.